గ్రూప్-2 స్క్రీనింగ్: చదువుతున్నాను కానీ మార్కులు పెరగట్లేదు

ప్రశ్న (రాజాం నుంచి, సచివాలయ ఉద్యోగి)

అందరికీ నమస్కారం. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. 2024 ఫిబ్రవరి 25న జరిగిన ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ (మెయిన్స్‌కు ముందు జరిగే వడపోత పరీక్ష) రాశాను, కొద్దిలో పోయింది. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేలోపు గట్టిగా తయారవుదామని మొదలుపెట్టాను. రోజుకు మూడు గంటలు దొరుకుతాయి, తెల్లవారుజామున రెండు, రాత్రి ఒకటి. నెల మొదట్లో పింఛన్ల పంపిణీ ఉన్న రోజుల్లో అదీ ఉండదు.

చదివింది గుర్తుంటోంది. ఎవరైనా అడిగితే చెప్పగలను కూడా. కానీ మోడల్ పేపర్ పెట్టుకుంటే 55, 60 దగ్గరే ఆగిపోతున్నాను. మొన్న ఆదివారం 150కి 138 బిట్లు పెడితే 79 ఒప్పు, 59 తప్పు. ఒక్కో తప్పుకు మూడో వంతు మార్కు కోత పోగా 59.33. కొత్త మెటీరియల్ కొనాలా, లేక ఉద్యోగానికి సెలవు పెట్టి కోచింగ్‌కి వెళ్ళాలా? మా బావ అయితే ‘తెలియనిది ముట్టుకోకు, అదే నీ జబ్బు’ అంటాడు. నిజమేనా?

జవాబు (పాత బ్యాచ్ డిప్యూటీ తహసీల్దార్)

తమ్ముడూ, పుస్తకం కొనే ముందు ఆ పేపర్ పారేయలేదు కదా? తీసి ముందు పెట్టుకో. పెట్టిన ప్రతి బిట్టు పక్కనా ఒక అక్షరం రాయి. జవాబు తెలుసనే నమ్మకంతో పెట్టినదానికి ‘తె’. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడి ఒకటి పెట్టినదానికి ‘ఊ’. అసలు ఏమీ తెలియక పెట్టినదానికి ‘గు’, అంటే గుడ్డిగా అని. ఒక్కో రకంలో ఎన్ని ఒప్పో ఎన్ని తప్పో లెక్కపెట్టి ఇక్కడ రాయి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మీ బావగారి మాటకు మాత్రం ఇప్పుడే లెక్క చెప్తాను. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది. ఒక మార్కు వస్తుంది, మూడు తప్పులకు ఒక మార్కు పోతుంది. మిగిలేది సున్నా. ఒక ఆప్షన్ కాదని కచ్చితంగా కొట్టేయగలిగితే తొమ్మిది బిట్లకు మూడు ఒప్పు, ఆరు తప్పు, ఒక మార్కు మిగులు. రెండు కొట్టేయగలిగితే ఆరు బిట్లకే రెండు మార్కులు మిగులు. కాబట్టి ‘ముట్టుకోకు’ అనేది సగం నిజమే.

జవాబు (అనంతపురం నుంచి)

కోచింగ్ లేకుండా అవదు బ్రదర్. ఊరికే ఆశ పెట్టుకోవద్దు. నేను రెండేళ్ళు ఇంట్లో చదివి తర్వాత వెళ్ళాను, అప్పుడుగానీ అర్థం కాలేదు.

జవాబు (డిప్యూటీ తహసీల్దార్)

కోచింగ్ చెడ్డదని నేననను. సబ్జెక్టు అర్థం కానివాళ్ళకు పనికొస్తుంది. ఈ తమ్ముడికి సబ్జెక్టు అర్థమైందో లేదో మనకింకా తెలీదు. లెక్క రానివ్వండి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, రాత్రి కూర్చుని చేశాను.
తె: 69 పెట్టాను, 58 ఒప్పు, 11 తప్పు.
ఊ: 41 పెట్టాను, 14 ఒప్పు, 27 తప్పు.
గు: 28 పెట్టాను, 7 ఒప్పు, 21 తప్పు.
తెలిసిన వాటిలో 11 తప్పులు చూసి సిగ్గేసింది. అన్నీ ‘సరికానిది ఏది’, ‘కింది వాటిలో లేనిది ఏది’ రకాలే. సరైనది చూసి సంతోషంగా పెట్టేశాను.

జవాబు (డిప్యూటీ తహసీల్దార్)

ఇప్పుడు రోగం దొరికింది.

గుడ్డివాటితో మొదలుపెడదాం. 7 వచ్చాయి, 21 తప్పులకు 7 పోయాయి. అచ్చంగా సున్నా. నష్టం లేదుగానీ, ఆ 28 బిట్ల దగ్గర గడిపిన సమయం నష్టమే. వాటిని చదివి వదిలేసి ముందుకెళ్ళు.

‘సరికానిది’ తప్పులు 11. ఒక్కోటి రాకపోగా మూడో వంతు పట్టుకుపోయింది. అంటే 14.67 మార్కులు. ఈ ఒక్కటి సరిచేసుకుంటే నీ 59.33 కాస్తా 74 అవుతుంది, కొత్తగా ఒక్క పేజీ చదవకుండా! ప్రశ్నలో ‘కాని’, ‘లేని’, ‘తప్పు’ అనే మాట కనబడగానే ప్రశ్నపత్రం మీద దాని చుట్టూ సున్నా చుట్టు. ఆప్షన్లు చదివేటప్పుడు ఒక్కోదాని పక్కన ఒప్పో తప్పో చిన్న గుర్తు పెట్టు. తెలుగు వాక్యం మెలికపడినట్టు అనిపిస్తే పక్కనున్న ఇంగ్లీషు వాక్యం చూడు. అనువాదంలో ఈ ‘కాని’ ఒక్కోసారి ఎక్కడో మూలన దాక్కుంటుంది.

అసలు కథ ‘ఊ’ దగ్గర ఉంది. రెండింటి మధ్య ఊగిసలాడిన 41 బిట్లకు కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా ఇరవై దాకా వచ్చేవి. నీకు 14 వచ్చాయి. అంటే నీ అరకొర జ్ఞాపకం నిన్ను తప్పువైపే లాగుతోంది. చదవకపోవడం వల్ల వచ్చేది కాదిది. ఒకేలా కనబడే రెండు విషయాలు బుర్రలో కలిసిపోవడం వల్ల వస్తుంది. ఎన్నిసార్లు చదివినా విడివిడిగా చదివినంతకాలం కలిసిపోతూనే ఉంటాయి. ఆ 27 తప్పుల్లో నాలుగైదు రాసి చూపించు.

ప్రశ్న అడిగినవారు

1. మొదటి ఆంధ్ర మహాసభ ఎక్కడ అంటే జోగిపేట పెట్టాను.
2. గవర్నర్ ఆర్డినెన్స్ ఏ అధికరణ అంటే 123.
3. వాంఛూ కమిటీ, ఫజల్ అలీ కమిషన్ తారుమారు.
4. సువర్ణముఖి ఏ నదికి ఉపనది అనే బిట్టు. మా పక్క నదే! అయినా శ్రీకాళహస్తి గుర్తొచ్చి కంగారుపడ్డాను.

జవాబు (డిప్యూటీ తహసీల్దార్)

నాలుగూ జంటలే, చూశావా.

బాపట్లలో 1913లో జరిగింది మద్రాసు రాష్ట్రంలోని తెలుగువాళ్ళ ఆంధ్ర మహాసభ. జోగిపేటలో 1930లో జరిగింది నిజాం రాజ్యంలోని ఆంధ్ర మహాసభ, అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి. పేరు ఒకటే, రాజ్యాలు వేరు. పుస్తకంలో ఒకటి ఒక అధ్యాయంలో, ఇంకోటి వంద పేజీల తర్వాత ఉంటుంది. నువ్వు రెండింటినీ ఒక కాగితం మీద ఎదురెదురుగా ఎప్పుడూ చూసి ఉండవు.

కమిటీలను గొలుసుగా రాసుకో. 1948లో దార్ కమిషన్, రాష్ట్రాల ఏర్పాటుకు భాష ఒక్కటే ప్రాతిపదిక కాకూడదంది. అదే ఏడాది చివర్లో జేవీపీ (జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య) కమిటీ, 1949లో నివేదిక. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ. దాని తర్వాత ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు కోసం వాంఛూ, 1953 అక్టోబర్ 1న రాష్ట్రం. అది అయ్యాకే 1953 డిసెంబర్‌లో దేశంలోని రాష్ట్రాల పునర్విభజన కోసం ఫజల్ అలీ. మధ్యలో పొట్టి శ్రీరాములు, రాష్ట్రావతరణ ఉన్నాయి కనుక వాంఛూ, ఫజల్ అలీ ఇక తారుమారు కావు.

రాజ్యాంగానికి కాగితం మధ్యలో నిలువు గీత గీయి. ఎడమ పక్క కేంద్రం, కుడి పక్క రాష్ట్రం. ఆర్డినెన్స్ 123, 213. క్షమాభిక్ష 72, 161. అటార్నీ జనరల్ 76, అడ్వకేట్ జనరల్ 165. ద్రవ్య బిల్లు 110, 199. బడ్జెట్ 112, 202. ఎన్నికల సంఘం 324, రాష్ట్ర ఎన్నికల సంఘం 243-కె. ఆర్థిక సంఘం 280, రాష్ట్ర ఆర్థిక సంఘం 243-ఐ. ఒకే పేజీలో ఏడు జంటలు. వారానికోసారి కుడి పక్క చెయ్యి అడ్డం పెట్టి చెప్పుకో.

నదుల సంగతి నీకు నేను చెప్పాలా! మడ్డువలస రిజర్వాయరు ఉన్న సువర్ణముఖి నాగావళిలో కలుస్తుంది. శ్రీకాళహస్తి స్వర్ణముఖి సొంతంగా సముద్రంలో కలుస్తుంది.

నేను చదివేటప్పుడు వీటికి ‘జంట కాగితాలు’ అని పేరు పెట్టుకున్నాను. పరీక్షనాటికి నలభై చిల్లర అయ్యాయి. ఆఖరి వారం అవే చదివాను. ప్రతి ఆదివారం పేపర్‌లో ‘ఊ’ తప్పులు చూసి ఒక్కోదానికి దాని జంటను వెతికి రాయడమే పని.

జవాబు (తాడేపల్లిగూడెం నుంచి, గృహిణి)

తమ్ముడూ, సమయం గురించి నాదో మాట. ఇద్దరు పిల్లలతో నాకూ మూడు గంటలే. ఆ కాగితాలు నా ఫోన్లో నా గొంతుతోనే రికార్డు చేసుకున్నాను. ‘గవర్నర్ ఆర్డినెన్స్?’ అని అడిగి, మూడు సెకన్లు ఆగి, ‘213’ అని. పప్పు ఉడికేలోపు ఒక కాగితం అయిపోతుంది. పొద్దున దొరికే రెండు గంటలు మాత్రం అంకగణితానికి, రీజనింగ్‌కి ముందు ఇవ్వండి. స్క్రీనింగ్‌లో మానసిక సామర్థ్యం 30 మార్కులు. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన అంశాలు కూడా తలా 30. కానీ రోజూ చేస్తే పెరుగుతాయని ధీమాగా చెప్పగలిగినవి ఈ 30 మాత్రమే.

ఇంకోటి, ఓఎంఆర్ (జవాబుల గుండ్రాలు నింపే షీటు) దిద్దడం ఇంట్లో కూడా అలవాటు చేసుకోండి. కిందటిసారి నేను 64వ బిట్టు వదిలేసి, 65 జవాబు 64లో దిద్దాను. 71కి వచ్చాక చూసుకున్నాను. పెన్నుతో దిద్దింది చెరపలేం, వైట్‌నర్ పూస్తే షీటే చెల్లదు. ఏడు బిట్లు అలాగే పోయాయి, ఆ కంగారులో తర్వాతి పేజీ కూడా. ఇప్పుడు ప్రశ్నపత్రంలో పేజీ పూర్తికాగానే ఆ పేజీవి మాత్రమే దిద్దుతున్నాను, నంబరు నోట్లో అనుకుంటూ.

జవాబు (హనుమకొండ నుంచి)

ఇది చూసి మా తెలంగాణవాళ్ళు బిట్లు వదిలేస్తారేమో, అందుకే చెప్తున్నా. మా గ్రూప్-2లో స్క్రీనింగ్ లేదు. నేరుగా నాలుగు పేపర్లు, ఒక్కోటి 150, మొత్తం 600. 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగిన పరీక్షకు నెగటివ్ మార్కులు లేవు. అలాంటప్పుడు ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలకూడదు, గుడ్డివి సహా. జంట కాగితం మాత్రం మాకూ పనికొస్తది. నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమమే. ఒప్పందాలు, కమిటీలు, సంవత్సరాలు అన్నీ ఒకదానిమీదొకటి పడి ఉంటయ్.

జవాబు (అనంతపురం నుంచి)

ఈ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. కోచింగ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు. ఈ ఆదివారం నా పేపర్ మీద కూడా చేస్తాను. సీనియర్ గారూ, మెయిన్స్ సంగతి?

జవాబు (డిప్యూటీ తహసీల్దార్)

2023 నోటిఫికేషన్ ప్రకారం మెయిన్స్ రెండు పేపర్లు, ఒక్కోటి 150. మొదటిదాంట్లో ఆంధ్రప్రదేశ్ చరిత్ర, రాజ్యాంగం, రెండోదాంట్లో ఆర్థిక వ్యవస్థ, శాస్త్ర సాంకేతికం. కొత్త నోటిఫికేషన్ రాగానే సిలబస్ మళ్ళీ చూసుకోవాలి, ఏదైనా మార్చారేమోనని. రాజ్యాంగం స్క్రీనింగ్‌లో విడిగా లేదని పక్కన పెట్టొద్దు, మెయిన్స్‌లో 75 మార్కులున్నాయి. భూగోళానికి పాత పుస్తకాలు వాడేవాళ్ళు జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాత పుస్తకంలో ‘విజయనగరం జిల్లా’ అని ఉన్న ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, అక్కా, చాలా థాంక్స్. మెటీరియల్ కొనడం మానేశాను. ఈ ఆదివారం ఇంకో పేపర్ రాశాను. గుడ్డివి 20 వదిలేసి 130 పెట్టాను. 84 ఒప్పు, 46 తప్పు, 68.67. ‘సరికానిది’ తప్పులు 11 నుంచి 3కి వచ్చాయి. ‘ఊ’ తప్పులు ఇంకా 29 ఉన్నాయి. తొమ్మిది జంట కాగితాలు రాశాను. మొదటిది సువర్ణముఖి, స్వర్ణముఖి. అది మా బావకి చూపిస్తే ‘ఇది కూడా రాసుకోవాలా, రోజూ దాటేదేగా’ అన్నాడు.

జవాబు (డిప్యూటీ తహసీల్దార్)

రోజూ దాటేదే తప్పు పెట్టావుగా. రాసుకో. ఆ 29 కూడా ఇక్కడ పెట్టు, ఏది దేనికి జంటో అందరం చూద్దాం.