అప్‌డేట్: వేరికోస్ వెయిన్స్‌కు లేజరా, రేడియో ఫ్రీక్వెన్సీయా? అమ్మ కాలి విషయం తేలింది

నల్లగొండలో ఉండే మా అమ్మ ఎడమ కాలికి వేరికోస్ వెయిన్స్ (చర్మం కింద ఉబ్బి మెలికలు తిరిగిన సిరలు) ఉన్నాయి; లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్సల్లో వాటికి ఏది మేలని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ముందు నిలబెట్టి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) తీయించమన్న సలహాయే పనికొచ్చింది. తొడ లోపలివైపు సాగే పెద్ద సఫీనస్ సిరలో కవాటాలు పాడై రక్తం వెనక్కి కిందికి జారుతోందనీ, లోతు సిరలు బాగున్నాయనీ అందులో తేలింది. రెండు పద్ధతులూ సిరను లోపలి నుంచి వేడితో మూసేవే, సిర మూసుకోవడంలో ఫలితం దాదాపు సమానమే అని చెప్పిన డాక్టరు గారు, తమకు బాగా అలవాటైన రేడియో ఫ్రీక్వెన్సీనే ఎంచుకుని, సిర చుట్టూ మత్తు కలిపిన చల్లని సెలైన్ ఎక్కించి, 7 సెంటీమీటర్ల ముక్కను 20 సెకన్ల చొప్పున 120 డిగ్రీల వేడితో మూస్తూ వచ్చారు. నేను రాత్రుళ్లు చదివిన లేజర్ తరంగదైర్ఘ్యాల లెక్కలు అవసరమే పడలేదు. ఆ సాయంత్రమే అమ్మ బిగుతు మేజోడు వేసుకుని మెట్లెక్కింది. కాలి బరువు తగ్గింది. చీలమండ పైన నల్లబడిన చర్మం మాత్రం ఇంకా అలాగే ఉంది.