అప్‌డేట్: భువనగిరి బండ మీద కాలు నిలిచింది
పోయిన నెల అడిగాను కదా, భువనగిరి కోట గుట్ట మీద క్లైంబింగ్ నేర్చుకుంటుంటే ఏటవాలు బండపై కాళ్లు జారుతున్నాయని. మీరు చెప్పిందే నిజం, తప్పు బూట్లది కాదు. భయంతో బండను కౌగిలించుకునేవాణ్ణి. అలా ఆనుకుంటే పాదాల మీద బరువు పడదు, పట్టు పోతుంది. ఇప్పుడు నడుము కాస్త వెనక్కి, మడమలు కిందికి, అడుగులు చిన్నవి. నిన్న జారకుండా పైదాకా వెళ్లాను, తాడు కట్టుకునే లెండి. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందింది ఈ బండ మీదే. నాకు 34!

ఉద్యోగం పోయిందని కూడా రాశాను. పాత జీతమే కావాలన్న పంతం వదిలేసి, తక్కువకే ఒక చోట చేరాను. టెన్షన్ తగ్గింది. ఈ నెల అద్దె అప్పు చేయకుండానే కట్టాను.