1997లో డబ్ల్యూసీడబ్ల్యూది బలుపా, వాపా?

నైట్రో97:
సూటిగా అడుగుతున్నా. అమెరికా ప్రో రెజ్లింగ్‌లో అప్పుడు రెండు పెద్ద కంపెనీలు: డబ్ల్యూసీడబ్ల్యూ, దాని సోమవారం షో నైట్రో; విన్స్ మెక్‌మాన్ నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్, దాని షో రా. 1997లో రెండు షోలూ ఎదురెదురు పడిన ఏ సోమవారమూ రేటింగుల్లో రా, నైట్రోని దాటలేదు. 1996 జూన్‌లో మొదలైన ఆ వరుస 83 వారాలు నడిచి, 1998 ఏప్రిల్ 13న గానీ తెగలేదు. డిసెంబరు 28న వాషింగ్టన్‌లో జరిగిన స్టార్‌కేడ్ డబ్ల్యూసీడబ్ల్యూ చరిత్రలోనే ఎక్కువగా అమ్ముడైన పే-పర్-వ్యూ (విడిగా డబ్బు కట్టి చూసే షో). అయినా ఎవర్ని కదిపినా "పతనం 1997లోనే మొదలైంది" అంటారు. 2001 మార్చిలో కంపెనీని విన్స్ కొనేశాడు కాబట్టి, ఇప్పుడు వెనక్కి వెళ్లి కారణాలు అంటగడుతున్నారని నా వాదన. కాదంటారా, ఆ ఏడాదిలో జరిగినవాటితోనే చెప్పండి. 1999 ఫింగర్‌పోక్ (హోగన్ వేలితో పొడవగానే నాష్ పడిపోయి బెల్టు వదులుకున్న మ్యాచ్) లాంటివి తేవొద్దు.

మూడో తాడు:
సరే, మీరు గొప్పగా చెప్పిన స్టార్‌కేడ్‌తోనే మొదలెడదాం.

1996 సెప్టెంబరు ఫాల్ బ్రాల్ షో తర్వాత జనం హీరో స్టింగ్ డబ్ల్యూసీడబ్ల్యూ టీవీలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. తెల్ల రంగు పూసిన ముఖం, నల్ల కోటు, చేతిలో బ్యాటు. అరీనా దూలాల మీద నిలబడి చూడటం, కేబుల్ పట్టుకుని దిగడం, అంతే. నోట మాట దాదాపు లేదు. ఇలా 15 నెలలు. జనం డబ్బు కట్టింది ఒకే ఒక్క దృశ్యం కోసం: ఇతను విలన్ ఛాంపియన్ హోగన్‌ని చితక్కొట్టి బెల్టు (ఛాంపియన్ పట్టీ) తీసుకోవాలి.

ఈ కుస్తీలో ఫలితం ముందే రాసుకుంటారు. అనుకున్న ఫినిష్ (ముగింపు) ఇది. హోగన్ విలన్ ముఠా ఎన్‌డబ్ల్యూఓ మనిషిగా పేరుపడ్డ రిఫరీ నిక్ పాట్రిక్ హోగన్ కోసం కావాలని వేగంగా మూడు కొడతాడు (భుజాలు నేలకి ఆనినవాడి పక్కన రిఫరీ నేల మీద మూడు సార్లు కొడితే వాడు ఓడినట్టు, అదే పిన్). డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నుంచి కొత్తగా వచ్చిన బ్రెట్ హార్ట్ వచ్చి అన్యాయమని ఆపుతాడు. మ్యాచ్ మళ్లీ మొదలవుతుంది, స్టింగ్ గెలుస్తాడు. ఇది నిలబడాలంటే ఆ మూడు దెబ్బలూ సరిగ్గా పడాలి. మామూలు కౌంట్‌లో రిఫరీ నేలకి వాలి, భుజాలు ఆనాయో లేదో చూసి, చెయ్యి బాగా పైకెత్తి కొడతాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య దాదాపు ఒక సెకను. దొంగ కౌంట్ అయితే భుజాల వైపు చూడకూడదు, చెయ్యి మోచేతి నుంచే ఆడాలి, మనం "ఒకటి" అనేలోపు మూడూ అయిపోవాలి. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మోసమని తెలియాలి.

పాట్రిక్ కొట్టింది శుభ్రమైన మామూలు కౌంట్! స్టింగ్ భుజం కూడా లేపలేదు. అంటే టీవీలో జనం చూసింది హోగన్ లెగ్ డ్రాప్ (కాలుతో పైన పడే దెబ్బ) వేసి న్యాయంగా గెలవడం. ఆ తర్వాత, నవంబరులో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో తనే అన్యాయానికి గురైన బ్రెట్ వచ్చి "మళ్లీ ఇలా జరగనివ్వను" అంటే, ఏం జరిగిందని? అతను పాట్రిక్‌ని గుద్ది, తనే రిఫరీగా నిలబడ్డాడు. అంతకుముందు అదే షోలో జిబిస్కో, కంపెనీ బాస్ బిషాఫ్ మ్యాచ్‌కి అతనే రిఫరీ, కాబట్టి అధికారం ఉందన్నమాట. చివరికి స్టింగ్ పట్టిన స్కార్పియన్ డెత్‌లాక్ అనే కాళ్ల పట్టుకి హోగన్ లొంగాడు. 13 నిమిషాల లోపే ఉన్న మ్యాచ్‌లో ముప్పావు వంతు హోగన్‌దే పైచేయి.

ఎవరి తప్పంటే తలో మాట. స్టింగ్ ఒళ్లు సిద్ధం చేసుకుని రాలేదని బిషాఫ్ తర్వాత చెప్పుకున్నాడు. తనకి పొంతన లేని ఆదేశాలు వచ్చాయని పాట్రిక్ అన్నాడు. ఎవరిదైతేనేం, 15 నెలల కథ మూడు దెబ్బల దగ్గర చెడింది. వాపు అంటే ఇదే.

ఓరుగల్లు పహిల్వాన్:
మూడో తాడన్న చెప్పింది కరెక్టే గని సగమే చెప్పిండు. అసలు రోగం కాంట్రాక్టుల ఉన్నది. హోగన్‌కు తన పాత్ర మీద క్రియేటివ్ కంట్రోల్ రాసిచ్చిన్రు. ఎట్ల ఓడాలె, ఓడాల్నా వద్దా అన్నది ఆయన ఒప్పుకుంటెనే అయితది. గట్లాంటి మనిషిని విలన్ జేస్తే, విలన్ ఓడిపోయే రోజు ఎట్లొస్తది? ఆగస్టు 4న నైట్రోల లూగర్ హోగన్ మీద గెల్చిండు, జనం పిచ్చెక్కి అరిసిన్రు. అయిదు రోజులకే, 9న, స్టర్జిస్‌ల బెల్టు మళ్ల హోగన్ నడుముకే. స్టార్‌కేడ్ తెల్లారి నైట్రోల రీమ్యాచ్ పెట్టి, ఫినిష్ రాకముందే షో బంద్ జేసిన్రు. జనవరి 8న కొత్త షో థండర్ మొదటి ఎపిసోడ్‌ల స్టింగ్ బెల్టే గుంజుకున్నరు. గెల్చినోడు గెల్చిండని పదిహేను రోజులు కూడ అనుకోనియ్యలే.

నైట్రో97:
జనవరి 8 అంటే 1998, పహిల్వాన్ అన్నా. రూల్ దాటావ్ :)

ఒక్క ఫినిష్ పట్టుకుని ఏడాదంతా కొట్టేస్తారా? నైట్రో ఎందుకు గెలిచిందో చూడండి. చివర్లో ఎన్‌డబ్ల్యూఓ వాళ్లు హోగన్, నాష్, హాల్ మైకు పట్టుకుని కూర్చున్నా, మొదటి గంటలో ఏం నడిచేది? రే మిస్టీరియో జూనియర్, ఎడ్డీ గెరెరో, మాలెంకో, జెరికో, అల్టిమో డ్రాగన్. అమెరికా టీవీలో అంతకుముందు అలాంటి కుస్తీ వారం వారం చూపించింది ఎవరు? అదీ చాలకపోతే సెప్టెంబరు 22న గోల్డ్‌బర్గ్ మొదటి మ్యాచ్. రేపటి మనిషిని కూడా ఆ ఏడాదే తయారుచేశారు. వాపు ఇలా ఉండదు.

క్రూయిజర్‌వెయిట్:
అక్టోబరు 26, లాస్ వేగాస్, హాలోవీన్ హావక్ షో. ఎడ్డీ బెల్టు, రే మాస్కు పందెం. 14 నిమిషాలు కూడా లేదు, ఒక్క సెకను వృథా కాదు. ఎడ్డీ మధ్యమధ్యలో మాస్కు చింపబోతుంటాడు చూడండి, పందెం ఏమిటో వ్యాఖ్యాత చెప్పక్కర్లేకుండా గుర్తుచేయడం అది. చివర్లో టాప్ రోప్ మీది నుంచి రేని భుజాల మీద లేపి విసరబోతే, రే గాల్లోనే దాన్ని హరికెన్‌రానాగా (కాళ్లతో తల పట్టి పడేయడం) తిప్పి పిన్ చేస్తాడు. ఇద్దరి బరువూ ఒకే వైపు పడుతున్నప్పుడు తల లోపలికి ముడవడం అర క్షణం ఆలస్యమైతే ఎడ్డీ మెడ మీద పడతాడు. అంత దగ్గరి లెక్క.

ఇక్కడొక చిన్న సంగతి. డబ్ల్యూసీడబ్ల్యూ రింగ్ 18 అడుగులది, అవతలివాళ్లది 20. ఇక్కడి తాళ్లు అసలు తాళ్లే కావు, స్టీల్ కేబుల్ మీద రబ్బరు గొట్టం. డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌వి నిజం తాళ్లు, పైన టేపు చుట్టి. తాడు సాగుతుంది, వదులైతే స్ప్రింగ్‌బోర్డ్‌కి (తాడు మీది నుంచి ఎగరడానికి) కాలు పెట్టగానే కిందికి కుంగుతుంది. కేబుల్ అంతగా కుంగదు. వీపుకి తగిలితే మాత్రం బాగా కోస్తుంది.

నా బాధల్లా ఆ మ్యాచ్ కార్డులో (షో మ్యాచ్‌ల వరుసలో) ఎక్కడుందనేదే. చివరి మ్యాచ్ హోగన్, పైపర్ బోనులో. నలభై దాటిన ఇద్దరు. 1997లో అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

రింగ్‌సైడ్ రాంబాబు:
అందరూ ఓడినవాడి ఇంట్లోనే తిరుగుతున్నారు. గెలవబోయేవాడు, అంటే విన్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఏం చేస్తున్నాడో చూడండి.

మార్చి 23, రెజిల్‌మేనియా 13. అమ్మకాల్లో అట్టడుగు, మెయిన్ ఈవెంట్ అండర్‌టేకర్, సిడ్, నీరసం. కానీ అదే రాత్రి బ్రెట్, ఆస్టిన్ సబ్మిషన్ (లొంగితేనే ఓటమి) మ్యాచ్, రిఫరీ కెన్ షామ్‌రాక్. మొదట్లో బ్రెట్ మంచివాడు, ఆస్టిన్ చెడ్డవాడు. 22 నిమిషాలకి తిరగబడింది. నెత్తురు ముఖం మీదుగా పళ్లలోకి కారుతున్నా ఆస్టిన్ లొంగుతున్నానని చెప్పడు, బ్రెట్ కాళ్ల పట్టు షార్ప్‌షూటర్‌లోనే స్పృహ తప్పుతాడు. గంట మోగాక బ్రెట్ మళ్లీ కాలు పట్టుకోబోతే షామ్‌రాక్ నడుము పట్టి విసిరేస్తాడు. తర్వాత ఒక రిఫరీ ఆస్టిన్‌ని లేపబోతాడు. ఆస్టిన్ ఆ రిఫరీకే తన పేరున్న దెబ్బ స్టన్నర్ వేసి, కుంటుకుంటూ తనంతట తానే వెళ్లిపోతాడు. జనాన్ని తిప్పేసింది గెలుపోటములు కాదు, ఆ నడక. ఒక్క మ్యాచ్‌తో ఇద్దరి దారులూ మార్చారు, మైకు ముట్టుకోకుండా. డబ్ల్యూసీడబ్ల్యూ ఏడాదంతా ఇలాంటిది ఒక్కటి చూపించండి.

నైట్రో97:
చూపిస్తా, కానీ ముందు మీ లెక్క తేల్చండి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బెల్టు 1997లో ఎన్ని చేతులు మారింది? జనవరి 19న సిడ్ నుంచి షాన్ మైకేల్స్. ఫిబ్రవరి 13న మోకాలు బాగాలేదని వదిలేశాడు. 16న బ్రెట్. మర్నాడే సిడ్. మార్చి 23న అండర్‌టేకర్. ఆగస్టు 3న మళ్లీ బ్రెట్. నవంబరు 9న మళ్లీ షాన్, అదీ మాంట్రియల్‌లో బ్రెట్‌కి చెప్పకుండా. షాన్ షార్ప్‌షూటర్ పట్టాడు, బ్రెట్ లొంగలేదు, విన్స్ అరుస్తుంటే రిఫరీ ఎర్ల్ హెబ్నర్ గంట కొట్టమన్నాడు. దీన్ని ప్లానింగ్ అంటారా? ఆ ఏడాది విన్స్ అనుకున్నది అనుకున్నట్టు జరిగింది ఒక్కటి చెప్పండి. అదృష్టాన్ని తెలివి అనకండి.

మూడో తాడు:
అదృష్టమే. దాన్ని వాడుకున్నారు చూడండి, తేడా అక్కడుంది.

ఆగస్టు 3, సమ్మర్‌స్లామ్, ఓవెన్ హార్ట్ ఆస్టిన్‌కి వేసిన పైల్‌డ్రైవర్ (తలకిందులుగా పట్టుకుని నేలకి దించే దెబ్బ). అందులో టూంబ్‌స్టోన్ రకంలో మామూలుగా వేసేవాడు మోకాళ్ల మీద దిగుతాడు. కిందివాడి తల తొడల మధ్య ఉంటుంది, మోకాలు ముందు నేలకి తగులుతుంది కాబట్టి తలకీ నేలకీ మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది. ఓవెన్ కూర్చుంటూ వేశాడు. కూర్చుంటే మోకాళ్ల ఆసరా పోతుంది, తల ఎంత పైకి పట్టుకున్నావన్నదే మిగతాదంతా. ఆస్టిన్ తల కిందికి జారి ఉంది. మెడ మీద మొత్తం బరువు. కాసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఓవెన్ జనం వైపు తిరిగి అరుస్తూ టైం గడిపాడు, చివరికి ఆస్టిన్ పాక్కుంటూ వచ్చి బలహీనమైన రోల్‌అప్ (చుట్టి పడేసే పట్టు) వేస్తే ఓవెన్ పిన్ అయ్యాడు. మోకాళ్ల మీద దిగుతావా అని తాను ముందే అడిగానని ఆస్టిన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

ఇప్పుడు ఆలోచించండి. కంపెనీలో అందరికన్నా వేగంగా ఎదుగుతున్నవాడు కుస్తీ పట్టలేడు. ఏం చేశారు? ఇంట్లో కూర్చోబెట్టలేదు. ప్రతి వారం ఎవరో ఒక అధికారి "డాక్టర్లు వద్దన్నారు" అంటే, వాళ్లకి స్టన్నర్ వేయించారు. సెప్టెంబరు 22న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విన్స్‌కే వేశాడు. ఆస్టిన్, మెక్‌మాన్ గొడవకి విత్తనం మెడ గాయం. మాంట్రియల్ తర్వాత నవంబరు 17న విన్స్ కెమెరా ముందు కూర్చుని, బ్రెట్ తనకి తానే చేసుకున్నాడన్నాడు. జనానికి మండింది. ఆ మంటనే విలన్ బాస్ పాత్రగా మార్చుకున్నారు.

అదే నెల్లో డబ్ల్యూసీడబ్ల్యూకి బ్రెట్ దొరికాడు. ఆ వారం ప్రపంచంలో అతని గురించే అందరూ మాట్లాడుతున్నారు. వాళ్లిచ్చిన పని? చారల చొక్కా వేసి రిఫరీ.

బుడోకాన్:
అందరూ అమెరికా టీవీ రేటింగుల చుట్టే తిరుగుతున్నారు. ఏడాది గురించి మాట్లాడుతూ జనవరి 20, ఒసాకా, ఆల్ జపాన్ కంపెనీ వాళ్లు మిసావా, కొబాషి ట్రిపుల్ క్రౌన్ (ఆ కంపెనీ పెద్ద బెల్టు) మ్యాచ్ ఊసే లేదు. 42 నిమిషాలు. మైకు లేదు, ఎన్‌డబ్ల్యూఓ లేదు, బాస్ లేడు. కథంతా దెబ్బల్లోనే. అక్టోబరు 21న టోక్యో బుడోకాన్‌లో మళ్లీ కొట్టుకున్నారు.

ఆ శైలికి ఖరీదు కూడా ఉంది, దాచను. తల మీద పడేసే సప్లెక్స్‌లు ఏళ్ల తరబడి మెడలో పేరుకుంటాయి. మిసావా 2009 జూన్‌లో హిరోషిమా రింగ్‌లో కుప్పకూలి, ఆసుపత్రిలో పోయాడు.

ఓరుగల్లు పహిల్వాన్:
బుడోకాన్ అన్నా, మాట నిజమే గని గీ థ్రెడ్ ప్రశ్న వేరే కద. ఆల్ జపాన్‌ది వాపు అని ఎవ్వరన్నరు? కొత్త థ్రెడ్ వెయ్, వస్త.

నైట్రో97:
మూడో తాడు గారి బ్రెట్ పాయింట్ ఒప్పుకుంటున్నా, దానికి సమాధానం లేదు. కానీ ఒకటి. 1997లో విన్స్‌కి పోగొట్టుకోడానికి పెద్దగా ఏమీ లేదు. ఓడుతున్నవాడు ఏదైనా ప్రయత్నిస్తాడు. గెలుస్తున్నవాడు నడిచేదాన్ని మార్చడు. హోగన్‌ని అక్టోబరులో దించేసి, స్టార్‌కేడ్ అన్ని అమ్మకాలు చేయకపోయి ఉంటే ఇదే థ్రెడ్‌లో "తొందరపడ్డారు" అని తిట్టేవాళ్లు.

రింగ్‌సైడ్ రాంబాబు:
అక్టోబరులో దించమనలేదు. దించే రోజున శుభ్రంగా దించమన్నాం. ఆ దొంగ కౌంట్ గొడవ లేకుండా హోగన్ రింగ్ మధ్యలో శుభ్రంగా లొంగిపోయి ఉంటే స్టార్‌కేడ్ అమ్మకం ఒక్క రూపాయి తగ్గేదా? అప్పటికే కొన్నారుగా. తగ్గింది దాని తర్వాతి షోల మీద నమ్మకం. శుభ్రంగా ఓడి ఉంటే అది తగ్గేది కాదు.

కొత్తగా చూడాలనుకునేవాళ్లకి వరుస: రెజిల్‌మేనియా 13లో బ్రెట్, ఆస్టిన్, జులై 6 కాల్గరీ కెనేడియన్ స్టాంపీడ్ పూర్తిగా, నాలుగే మ్యాచ్‌లు, సమ్మర్‌స్లామ్‌లో ఓవెన్, ఆస్టిన్ (పైల్‌డ్రైవర్ దగ్గర వెనక్కి తిప్పి తల ఎక్కడుందో చూడండి), అక్టోబరు 5 మొదటి హెల్ ఇన్ ఎ సెల్ బోను మ్యాచ్, మాంట్రియల్, ఆఖరున స్టార్‌కేడ్, పాట్రిక్ చెయ్యి మీదే కళ్లు పెట్టి.

క్రూయిజర్‌వెయిట్:
ఆరు పెట్టి హాలోవీన్ హావక్ వదిలేశావా రాంబాబూ? మాంట్రియల్ తీసేసి అది పెట్టు. మాంట్రియల్‌లో చివరి నిమిషం తప్ప చూడ్డానికి ఏముంది?