తుపాకీ పేల్చడం నచ్చింది, ఇంటికి తెచ్చుకోవాలా వద్దా?

నరసరావుపేట ఆడపడుచు, ఫ్రిస్కో, టెక్సస్:

నాకు 43 ఏళ్లు. మా వారికీ నాకూ గ్రీన్‌కార్డులున్నాయి, పదకొండేళ్ల కొడుకున్నాడు. ఆఫీసులో నా పక్క సీటావిడ, అరవై దాటిన టెక్సస్ మనిషి, ఒక శనివారం నన్ను తుపాకీ కాల్చడం సాధన చేసే షూటింగ్ రేంజికి తీసుకెళ్లింది. మొహమాటం కొద్దీ వెళ్లాను. మొదటి తూటా పేల్చగానే దాని ఖాళీ గొట్టం ఎగిరి వచ్చి నా కుర్తా మెడలోంచి లోపలికి జారింది. పోపులోంచి ఆవగింజ ఎగిరి చేతి మీద పడితే చురుక్కుమంటుంది కదా, దానికి పదింతలు. గంతులు వేయాలనిపించింది. చేతిలో పిస్తోలు ఉండగా గంతులు వేయకూడదు! పళ్లు బిగబట్టి, దాని మూతి ఎదురుగానే ఉంచి, బల్ల మీద పెట్టి, అప్పుడు వేశాను. రేంజి ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ నన్ను మెచ్చుకున్నాడు.

రెండోసారి వెళ్లినప్పుడు నా తూటాలన్నీ గురికి కింద పడుతున్నాయి. తుపాకీ బాగాలేదన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నాకు తెలియకుండా మ్యాగజైనులో ఒక ఉత్తుత్తి తూటా కలిపింది. దాని వంతు వచ్చింది, ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు. కానీ పిస్తోలు మూతి టక్కున కిందికి వంగింది. చప్పుడు రాకముందే నా మణికట్టు జడుసుకుంటోందన్నమాట. నా భయాన్ని నా కళ్లతో నేనే చూడటం అదే మొదటిసారి. అప్పటి నుంచి .22 అనే చిన్న తూటాల పిస్తోలు అద్దెకు తీసుకుని నేర్చుకుంటున్నాను. ఇప్పుడు 21 అడుగుల దూరం నుంచి పది తూటాలూ అప్పడమంత చోటులో పడుతున్నాయి.

ఇంత మోజు ఎక్కడిదంటారా? కోటప్పకొండ తిరునాళ్లలో బెలూన్లు కొట్టే దుకాణం దగ్గర నాన్న తమ్ముడికి అయిదు గుండ్లకు డబ్బులిచ్చారు. నేనూ కొడతానంటే, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా, జీళ్లు కొనుక్కో" అన్నారు. జీళ్లు తినేశాను గానీ ఆ ఉక్రోషం మాత్రం ఇంకా అరగలేదు.

ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. మా వారేమో, "ఎన్నిసార్లయినా వెళ్లు, ఇంటికి మాత్రం తేకు" అంటున్నారు. 2023 మే 6న ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు, వాళ్లలో ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ ముందటి వారమే మేం అక్కడ పిల్లవాడికి బూట్లు కొన్నాం. కాబట్టి ఆయన మాట నాకు చాదస్తంగా అనిపించడం లేదు. అలాగని మోజూ పోవడం లేదు. ఇంకో సంగతి, హెచ్‌1బీ మీద ఉన్న మా తమ్ముడు కూడా రేంజికి వస్తానంటున్నాడు. తీసుకెళ్లవచ్చా?

ప్లేనో మూర్తి:

తల్లీ, నా దగ్గర రెండున్నాయి. గ్రీన్‌కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. దుకాణంలో 4473 అనే ఫారం నింపాలి, అక్కడికక్కడే నేపథ్య తనిఖీ చేస్తారు, టెక్సస్‌లో విడిగా పర్మిట్ అక్కర్లేదు. నువ్వొక్కదానివే అనుకోకు. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ వరకు ఈ దేశంలో కొత్తగా తుపాకీ కొన్న 75 లక్షల మందిలో దాదాపు సగం ఆడవాళ్లే. ఇనప్పెట్టె మాత్రం తుపాకీ కంటే ముందు కొను. ఇక్కడ పదిహేడేళ్లు నిండని పిల్లల చేతికి అందేలా వదిలేస్తే నేరం. ఇంటికి రక్షణగానూ ఉంటుంది, మీ ఆయనకు నేను నచ్చజెబుతాను, కావాలంటే ఫోను ఇవ్వు.

హ్యూస్టన్ నర్సు:

మూర్తి గారూ, ఆమె అడిగింది ఆట గురించి, రక్షణ మాట మీరు తెచ్చారు. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. దొంగ కోసం కొన్నది ఎక్కువగా ఎవరి మీద పేలుతోందో ఆ లెక్క చూడండి. పదకొండేళ్ల పిల్లవాడు మూడేళ్లలో పద్నాలుగేళ్ల వాడవుతాడు. ఇనప్పెట్టె అంకెలు కనిపెట్టడం వాళ్లకు ఒక పనా? మా ఇంట్లో ఫోను పాస్‌వర్డు వారానికోసారి మారుస్తున్నాను.

అక్కా, మీరు ఆడటం మానమని నేననను. అద్దెకు దొరుకుతున్నంత కాలం కొనాల్సిన పనేమిటన్నదే నా ప్రశ్న. ఇంకొకటి, రేంజిలో సీసం ధూళి ఉంటుంది. రాగానే సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోండి. ఆ బట్టలతో పిల్లవాణ్ని దగ్గరికి తీసుకోకండి, విడిగా ఉతకండి.

ఇర్వింగ్ వీసావాసి:

తమ్ముడి సంగతి నేను చెబుతాను. తీసుకెళ్లకండి. హెచ్‌1బీ వారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. రేంజిలో పది నిమిషాలు అద్దెకు పట్టుకున్నా అది కలిగి ఉండటమే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. మనవాళ్లు స్నేహితులతో సరదాగా వెళ్లి, ఫోటోలు తీసి, ముఖపుస్తకంలో కూడా పెడుతుంటారు! ఎవరూ పట్టుకోలేదంటే తప్పు కాదని కాదు. వీసాతో పని, లాయరును అడిగాకే అడుగు వేయమనండి.

హైదరాబాదు గురి:

నేను ఉండేది ఇండియాలో, అక్కడి చట్టాలు నాకు తెలియవు. కానీ మీకు కావలసింది బెలూన్ల తుపాకీకి పెద్దక్క అని నాకనిపిస్తోంది. 10 మీటర్ల దూరం నుంచి, గాలి ఒత్తిడితో గుండు కాల్చే ఎయిర్ పిస్తోలు ఆట చూశారా? నేను 38 ఏళ్లకు మొదలుపెట్టాను. మా హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్లకే, 2018లో, ఇందులో సీనియర్ జాతీయ విజేత అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలతో వచ్చింది. ఇక్కడ 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, గుండు శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ పిస్తోలుకు లైసెన్సు అక్కర్లేదు.

చప్పుడు తక్కువని తేలిగ్గా తీసుకోకండి. ఒంటి చేత్తో పట్టాలి, రెండో చెయ్యి జేబులో. లక్ష్యంలో పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు శనగగింజంత. పోటీలో 75 నిమిషాల్లో 60 గుండ్లు కాల్చాలి. నలభయ్యో గుండు దగ్గరికి వచ్చేసరికి భుజం మనది కాదనిపిస్తుంది. మీ మణికట్టు జడుపు ఇందులో ఇంకా బాగా బయటపడుతుంది.

ఇర్వింగ్ వీసావాసి:

అరే, ఇది నాకు తట్టనే లేదు. పేలుడు మందుతో కాకుండా గాలి ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి ఫెడరల్ చట్టం లెక్కలో ఎయిర్ పిస్తోలు తుపాకీయే కాదు. తమ్ముడు కూడా రావచ్చు.

నరసరావుపేట ఆడపడుచు:

అందరికీ దండాలు. మూర్తి గారూ, ఫోను వద్దు లెండి, మా వారు ఇప్పటికే మీ సమాధానం చదివి గుర్రుగా ఉన్నారు. నర్సమ్మ లెక్క మాత్రం రెండుసార్లు చదివి వినిపించారు. .22 కొనడం లేదు, నెలకోసారి వెళ్లి అద్దెకే తీసుకుంటాను, మెడ మూసే చొక్కాతో.

ఎయిర్ పిస్తోలు మాట చెప్పగానే మా వారే టేపు తెచ్చారు. గ్యారేజీ ఇరవై అడుగులే. మేడ మీద వసారా చివరి నుంచి గేమ్ రూమ్ గోడ వరకు 34 అడుగులు వచ్చింది, 10 మీటర్లకు ఒక అడుగు మిగిలింది. గాలిది కూడా కంటికి తగిలితే కన్ను పోతుందని, అది కూడా తాళంలోనే ఉండాలని, తాళంచెవి తన దగ్గరే ఉంటుందని షరతు పెట్టారు. తమ్ముడికి ఫోను చేస్తే వాడు మొదట అడిగింది బెలూన్లు ఎన్ని కొనాలని.

హైదరాబాదు గురి గారూ, గోడకు చిల్లులు పడకుండా గుండ్లను పట్టుకునే పెట్టె ఉంటుందట కదా, దాని వెనక పలక ఎంత మందం ఉండాలి?