జకోవిచ్‌ను వెనక్కి పంపడం న్యాయమేనా?

పెన్నా ఒడ్డు (అనంతపురం):
నిన్న సాయంత్రం ఇక్కడి నడాల్ టెన్నిస్ స్కూల్ దగ్గర పిల్లల కోసం కాచుకుని ఉంటే 2022 నాటి గొడవ మళ్లీ లేచింది. కరోనా టీకా వేయించుకోని టెన్నిస్ ఆటగాడు జకోవిచ్ ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడేందుకు జనవరి 5న మెల్‌బోర్న్‌లో దిగాడు. వీసా రద్దు చేశారు. 10న జడ్జి తిరిగి ఇప్పించారు, 14న వలసల మంత్రి మళ్లీ రద్దు చేశారు, 16న ముగ్గురు జడ్జిలు మంత్రి నిర్ణయం చెల్లుతుందన్నారు. ఒక్క మ్యాచ్ ఆడకుండానే విమానమెక్కాడు. నా మటుకు న్యాయమే. మీరేమంటారు?

ధర్మవరం రన్నర్:
అన్యాయం అన్నా. డిసెంబరులో కరోనా వచ్చి తగ్గిందని కాగితాలు చూపించాడు. టోర్నీ నడిపే టెన్నిస్ ఆస్ట్రేలియా, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం రెండూ మినహాయింపు ఇచ్చాయి. రమ్మని పిలిచి గడప దగ్గర తలుపేస్తారా?

కర్నూలు వకీలు:
ఆస్ట్రేలియాలోకి రావడానికి ఇచ్చిన ఫారం సంగతి చూడండి. బయల్దేరే ముందు 14 రోజుల్లో ఎక్కడికీ వెళ్లలేదని రాసిచ్చారు. సెర్బియా నుంచి స్పెయిన్ వెళ్లాడు కదా.

ధర్మవరం రన్నర్:
ఆ టిక్కు పెట్టింది ఆయన ఏజెంట్ సార్. పొరపాటని చెప్పాడు కూడా. చివరికి మంత్రి చూపిన కారణం వేరే. ఆయన్ని చూసి జనం టీకాకు ఎదురు తిరుగుతారని అన్నారు.

కర్నూలు వకీలు:
ఎవరు నింపినా ఫారం ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే బాధ్యత.

కడప స్పిన్నర్:
మన సిరాజ్‌ను చూడండి. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉండగా హైదరాబాదులో తండ్రి పోయారు. ఇంటికి వెళ్లొచ్చని బోర్డు చెప్పినా జట్టుతోనే ఉండిపోయాడు. బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు.

ధర్మవరం రన్నర్:
సిరాజ్‌కు దండం పెడతాను. కానీ అది అతని నిర్ణయం, ఎవరూ బలవంతపెట్టలేదు. నేననేదీ అదే.

గుత్తి కోట:
న్యూయార్క్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడు కైరీ ఇర్వింగ్‌ది ఇంకా ఘోరం. టీకా లేదని తన జట్టు సొంత కోర్టులో ఆడనివ్వలేదు. టీకా లేని బయటి ఆటగాళ్లు మాత్రం అప్పట్లో అదే కోర్టులో ఆడనిచ్చారు!

కర్నూలు వకీలు:
అమెరికా వద్దు. ఫారం గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.

ధర్మవరం రన్నర్:
ఫారం ఫారం అనకండి సార్. 2021 ఆగస్టులో ఒక పరుగుపందేల మీట్‌కు నన్ను రెండు డోసుల సర్టిఫికెట్ అడిగారు. కోవిషీల్డ్ రెండో డోసుకు అప్పట్లో 84 రోజులు ఆగాలి. నాకు 60 రోజులే అయ్యాయి. కావాలన్నా వేయరు! టెస్ట్ చేయించుకుని నెగెటివ్ రిపోర్టు తెచ్చానన్నా వినలేదు. గేటు దగ్గర నుంచే పంపించేశారు. మళ్లీ మీట్ పెట్టేసరికి నాకు అందులో ఆడే వయసు దాటిపోయింది. ఇంట్లో కూర్చుని రూల్స్ చెప్పేవాళ్లకు ఇవేం తెలుస్తాయి? ముఖ్యంగా ఈ చర్చ మొదలుపెట్టిన పెద్దమనిషికి.

పెన్నా ఒడ్డు:
అవును తమ్ముడూ, ఇంట్లోనే కూర్చున్నాను. 2021 మేలో మా నాన్న పోయారు. నాకూ పాజిటివ్. పెద్దకొడుకునై ఉండి కొరివి పెట్టలేకపోయాను. గదిలో తలుపేసుకుని ఫోన్‌లో చూశాను. వెళ్తే ఇంకో నలుగురికి అంటుతుందని ఆగాను. ఆ జకోవిచ్ పాజిటివ్ అని తెలిశాక కూడా డిసెంబరు 18న ఫ్రెంచి విలేకరికి ఇంటర్వ్యూ ఇచ్చాడు, ఫొటోలు దిగాడు. తనే ఒప్పుకున్నాడు. టీకా వేసుకుంటాడో లేదో నాకు అక్కర్లేదు. నా కడుపు మండేది దీనికి.

కడప స్పిన్నర్:
అయ్యో అన్నా.

ధర్మవరం రన్నర్:
తెలీక నోరు జారాను, మన్నించండి అన్నా. ఆ ఇంటర్వ్యూ తప్పే, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ ఆయన్ని పంపించింది దానికి కాదు కదా, టీకాకు.

పెన్నా ఒడ్డు:
సరే, ఇప్పుడు నువ్వు పిల్లలకు నేర్పిస్తున్నావు. ఒకడు పాజిటివ్ అని తెలిసీ మైదానానికి వస్తే ఏం చేస్తావు?

ధర్మవరం రన్నర్:
ఇంటికి పంపిస్తాను అన్నా, ఫైనల్ అయినా సరే. సర్టిఫికెట్ లేదని మాత్రం ఏ పిల్లాడినీ పంపను.