కొత్త రీఫ్ ట్యాంకుల పురుగులు: తీసెయ్యాల్నా, ఉంచాల్నా?

హన్మకొండ_రీఫ్: కొత్త రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం. రాత్రి లైట్లు బందయినంక లైవ్ రాక్ (సముద్రపు జీవులు పట్టి ఉన్న రాయి) కింద గులాబీ రంగు పురుగులు తిరుగుతున్నయి, రెండు పక్కల తెల్ల కుచ్చులున్నయి. అద్దం మీద తెల్ల చుట్టలు గూడ. రాళ్లన్నీ మంచినీళ్లల్ల ముంచి తియ్యమని షాపుల చెప్పిన్రు. ముంచాల్నా?

కాజీపేట_సాల్ట్: అస్సలు ముంచకు తమ్మి. రాయిల ఉన్న పురుగులు, స్పాంజ్‌లు ఒక్కసారి చస్తే కుళ్లి అమ్మోనియా లేస్తది. మన దిక్కు ఎండకాలం నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ ముందే తక్కువుంటది, దాని మీద ఇది. నువ్వు చెప్పింది మామూలు బ్రిసిల్ వార్మ్. మిగిలిన మేత, చచ్చిన నత్త తింటది. చుట్టలు స్పైరోర్బిడ్లు, 1–3 మి.మీ. మించయి. నీళ్లల్ల తేలేటివి వడగట్టుకొని బతుకుతయి, గీకద్దు.

కరీంనగర్_కోరల్: నేనొప్పుకోనన్నా. కొత్త ట్యాంకులనే తీసెయ్యాలె. యూనిస్ అనే ఇంకో పురుగు చిన్నగున్నప్పుడు దీని లెక్కనే కనిపిస్తది. పెద్దగయి రాయిల సొచ్చినంక పగడాలు కొరుకుతది, అప్పుడు గుంజితే తెగుతది. మిగిలిన ముక్క మళ్ల పెరగొచ్చు.

కాజీపేట_సాల్ట్: అందుకే ముందు తల చూడాలె. ఎర్ర టార్చి ఏసి, లెన్స్ పెట్టి చూడు. యూనిస్‌కు తల మీద ఐదు మీసాలు వరుసగ ఉంటయి, ఒళ్లు ఇంద్రధనుస్సు రంగులల్ల మెరుస్తది. బ్రిసిల్ వార్మ్‌కు ఆ మెరుపుండది, ప్రతి కణుపు కాడ తెల్ల ముళ్ల కుచ్చే కొట్టొచ్చినట్టు కనిపిస్తది. ఫైర్‌వార్మ్ అని భయపెట్టే హెర్మోడైస్ అట్లాంటిక్ దిక్కుది. దాని కుచ్చుల పక్కన మొప్పలు ఎర్రగుంటయి. నారింజ రంగుల, ముళ్లు లేకుండ, జిగటగున్నది దొరికితే మాత్రం ఉంచకు, అది ఓనోన్. నత్తలను జిగటల చుట్టి తింటది. గవ్వలు వరుసగ ఖాళీ అయితుంటే దాన్నే అనుమానించాలె.

కరీంనగర్_కోరల్: సరే, యూనిస్ తేలితే? నేనైతే ఆ ఒక్క రాయి తీసి, ట్యాంకు నీళ్లే పోసిన బకెట్ల పెట్టి, బొక్కలకు సిరంజితో సోడా నీళ్లు కొట్టుమంట. బయటికొస్తది.

కాజీపేట_సాల్ట్: గది కరెక్ట్. ఒక్క రాయికే చెయ్యాలె, అన్నిటికి గాదు. బ్రిసిల్ వార్మ్‌లు మరీ ఎక్కువైతే మేత తగ్గించు, తినేది లేకుంటే వాటంతటవే తగ్గుతయి. తొందరుంటే మూతకు 5 మి.మీ. బొక్కలు పెట్టిన డబ్బాల రొయ్య ముక్క ఏసి, లైట్లు బందయినంక రాయి పక్కన పెట్టు. రెండు గంటల్ల తియ్యి, తెల్లారేదాక ఉంచితే ముక్క కుళ్లుతది. చేత్తోని ముట్టకు. ముళ్లు గుచ్చుకుంటే సెల్లోటేపు అతికించి గుంజు, రుద్దితే ఇంక లోపలికి పోతయి.

జగిత్యాల_మెరైన్: అద్దం మీద ఇటుక రంగుల, తోక కాడ మూడు మొనలతోని బల్లపరుపు పురుగులు 5 మి.మీ. లోపు కనిపిస్తే అవి ఫ్లాట్‌వార్మ్‌లు. మందు ఏసేకంటె ముందు సన్న పైపుతోని వీలైనన్ని గుంజెయ్యున్రి. గుంపుల ఒక్కసారి చస్తే వదిలే విషానికి చేపలు పోతయి. మందు ఏసినంక ఆ విషం పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, నీళ్లు మార్చాలె.

హన్మకొండ_రీఫ్: లెన్స్ పెట్టి చూసిన అన్నా. ఐదు మీసాలు లేవు, మెరుపు లేదు, కుచ్చులు తెల్లగనే ఉన్నయి. రాళ్లు ముంచుత లేను, మేత రోజు విడిచి రోజు ఏస్త.