వెనక అద్దం మీద పాప పేరు: ఎండకు ముడుచుకోని స్టిక్కర్ ఏది?

ప్రశ్న (రామగుండం)

నమస్తే అందరికీ. మార్చిలో మా వేగనార్ వెనక అద్దం మీద బయటి వైపు పాప పేరు తెలుగులో వేయించాను, తెల్ల అక్షరాలతో. నేను డ్యూటీలో ఉన్నంతసేపూ బండి ఎండలోనే ఉంటుంది. జూన్ వచ్చేసరికి అక్షరాల అంచులు వెనక్కి పోయి చుట్టూ జిగురు గీత తేలింది. దానికి బొగ్గు దుమ్ము అంటుకుని నల్లగా అయిపోయింది. ఒక వత్తు ఊడి పడిపోయింది. "నా పేరులో కింద అక్షరం ఏది నాన్నా?" అని పాప అడుగుతోంది. ఈసారి డబ్బు ఎక్కువైనా పర్వాలేదు, కొన్నేళ్లు నిలిచేది కావాలి. షాపులో ఏమని అడగాలి? పాతది గీకితే డీఫాగర్ గీతలు (అద్దం మీది మంచును వేడితో పోగొట్టే సన్న గీతలు) పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (విజయవాడ, స్టిక్కర్ కటింగ్ పని)

అన్నా, 14 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మీకు వేసింది మామూలు క్యాలెండర్డ్ వినైల్ (స్టిక్కర్లు కోసే ప్లాస్టిక్ షీటులో ఒక రకం) అయి ఉంటుంది. దాన్ని వేడి రోలర్ల మధ్య నొక్కి, లాగి షీటు చేస్తారు. ఎండ తగిలితే అది మళ్లీ దగ్గరకు ముడుచుకుపోతుంది, జిగురు మాత్రం అక్కడే ఉండిపోతుంది. క్యాస్ట్ వినైల్ అలా కాదు. ద్రవాన్ని పోసి ఆరబెడతారు, లాగడం ఉండదు కాబట్టి ముడత చాలా తక్కువ. అది 50-60 మైక్రాన్ల మందమే ఉంటుంది. మందంగా ఉన్నదే గట్టిదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు.

షాపులో "క్యాస్ట్ కావాలి, రోల్ చూపించండి" అని అడగండి. ఒరాకల్ కంపెనీ వినైల్‌లో 651 నంబరుది క్యాలెండర్డ్, 751 నంబరుది క్యాస్ట్. చూపించడానికి వెనకాడే షాపులో వేయించకండి. కంపెనీ చెప్పే ఏళ్లు నిలువు గోడలకు, చల్లటి దేశాలకు వేసిన లెక్క. ఏటవాలుగా ఉండే అద్దానికి, మన ఎండకు అందులో కొంత తగ్గించుకోవాలి.

ఇంకొకటి, తెల్ల వినైల్ మీద రంగు ప్రింట్ చేసి ఇస్తామంటే వద్దనండి. పైన లామినేషన్ (పారదర్శక పొర) లేకపోతే ఆ ఇంకు వెలిసిపోతుంది. పేరుకు రంగు వినైల్‌నే ప్లాటర్ (స్టిక్కర్ కోసే మిషన్) మీద కట్ చేయించాలి.

అసలు జాగ్రత్త తెలుగు అక్షరాల దగ్గర ఉంది. షాపుల్లో వాడే అను అనే తెలుగు ఫాంట్లలో అక్షరం, గుడి, వత్తు వేర్వేరు ముక్కలుగా వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. డిజైన్ చేసే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో వెల్డ్ చేయకుండా, అంటే ముక్కలన్నీ కలిపి ఒకే ఆకారం చేయకుండా పంపితే ప్లాటర్ ఆ కలిసే చోట కూడా కోస్తుంది. మీ వత్తు ఊడింది బహుశా అందుకే. కట్ చేసే ముందు స్క్రీన్ మీద అవుట్‌లైన్ చూపించమనండి. రామభద్ర లాంటి లావు ఫాంట్ తీసుకోండి. నేనైతే ఎంత సన్నని చోటైనా 3 మిల్లీమీటర్లకు తగ్గనివ్వను.

అతికించేది పొద్దున్నే, నీడలో. అద్దం చల్లగా ఉండాలి. రెండు రోజులు కడగకండి. తర్వాత కూడా ప్రెషర్ గన్ అంచుల మీదికి కొట్టనివ్వకండి.

జవాబు 2 (ఖమ్మం)

తమ్ముడూ, డీఫాగర్ గీతలు అద్దానికి లోపలి వైపు ఉంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. నీ స్టిక్కర్ బయట ఉంది కాబట్టి భయం లేదు. మా బండికి లోపల అతికించిన స్టిక్కర్‌ను బ్లేడుతో తీస్తే రెండు గీతలు తెగిపోయాయి. ఆ చలికాలమంతా తెల్లవారుజామున మంచులో వెనక ఏమీ కనిపించక అవస్థ పడ్డాం. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ మూల నుంచి మెల్లగా లాగు. మిగిలిన జిగురు మీద నీలగిరి తైలం రాసి పది నిమిషాలాగి తుడువు. ఆ తర్వాత సబ్బు నీళ్లతో కడుగు. నూనె జిడ్డు ఉంటే కొత్తది పట్టదు.

జవాబు 3 (హైదరాబాద్)

పేరు వరకు సరే, అద్దమంతా కప్పే బొమ్మ జోలికి పోవద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని నిబంధన. 2012లో నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కూడా దీని మీదే. రాత్రి రివర్స్ చేసేటప్పుడు మీకే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. ఆదివారం పాతది తీస్తాను. పాప పసుపు రంగు కావాలంటోంది, ఎండకు ఆగుతుందా?

జవాబు 1

తెలుపు, నలుపులకు ఇచ్చినన్ని ఏళ్లు కంపెనీలు రంగులకు ఇవ్వవన్నా. పేరు తెలుపులోనే ఉంచి, పక్కన చిన్న పసుపు పువ్వు వేయించండి. వెలిస్తే అదొక్కటే మార్చుకోవచ్చు.